పల్లేరుకాయల నీళ్లు

నా డైరీలో ఆయన పేరు లేదు. ‘ఎదురుగది ఆయన’ అనే రాసుకున్నాను. సూరత్ నవాగామ్‌లో ఆయనది మరమగ్గం పని. భార్య జగిత్యాల పక్క పల్లెలో. లాక్‌డౌన్‌లో ఇద్దరం ఒంటరివాళ్లం, ఇద్దరిదీ ప్రోస్టేట్ వాపే. రోజూ పొద్దున పల్లేరుకాయల పొడి నీళ్లలో కలిపి, సగం నా గ్లాసులో పోసేవాడు.

“తాగుండ్రి సార్, వాపు గుంజుతది, తాకత్ పెరుగుతది.”

హార్మోన్లను తగ్గిస్తాయని విని డాక్టరిచ్చిన మాత్రలు మానేశాడు.

“ఈ పొడి పనిచేస్తుందని ఎవరు తేల్చారయ్యా? మాత్ర వేసుకో” అనేవాణ్ణి.

“మాత్ర మింగి మగతనం పోగొట్టుకోవాల్నా?” అని నవ్వేవాడు.

ఒక మధ్యాహ్నం ఆయనకు మూత్రం పూర్తిగా ఆగిపోయింది. ఆసుపత్రికి తీసుకెళితే గొట్టం వేశారు. భార్యకు నన్నే ఫోన్ చేయమన్నాడు.

“గీ ముచ్చట చెప్పకుండ్రి సార్, ఇజ్జత్ పోతది. కరోనా అని చెప్పుండ్రి.”

స్పీకర్ పెట్టి అలాగే చెప్పాను. “రైళ్లు లేకుంటే నడుసుకుంట వస్త. అప్పటిదాంక జర సూసుకోండ్రి సార్” అని ఆమె బావురుమంది.

ఆయన నా ఫోన్ లాక్కున్నాడు. “కరోనా కాదే, ఉచ్చ ఆగింది. నువ్వు నడవకు.”

నేను వరండాలోకి వెళ్లాను. వాళ్లు చాలాసేపు మాట్లాడుకున్నారు. ఫోన్ తిరిగి చేతికొచ్చాక, నా బాధ చెప్పుకునేందుకు అందులో పేర్లన్నీ చూశాను. ఎవరికీ చేయబుద్ధి కాలేదు.