ఓడ రాకపోతే బిల్లు రానట్టే

సునామీ తర్వాత మా ఆయనకు రెండు పిచ్చులు పట్టుకున్నాయి. ఒకటి ఎత్తు పిచ్చి, రెండోది కార్డు పిచ్చి. మా దీవుల్లో ఓడరేవు పక్కనున్న హాడోలో మేమున్న గవర్నమెంట్ క్వార్టర్ గోడ భూకంపానికి నిలువునా చీలింది. బాగుచేసేదాకా ఆగుదామంటే వినకుండా, అదే ఊళ్లో షాదీపూర్‌లో సముద్రం ఎక్కి రాలేనంత ఎత్తున ఒక వాటా అద్దెకు తీసుకున్నారు. అద్దె కూడా అంత ఎత్తులోనే ఉంది. జీతం అక్కడిదాకా ఎక్కలేక సగం దారిలోనే కూలబడేది.

అప్పుడు వచ్చాయి కార్డులు. వైజాగ్ వెళ్లినప్పుడు మా మరిది అడ్రసు ఇచ్చి రెండు బ్యాంకుల క్రెడిట్ కార్డులు సంపాదించారు. ఒక కార్డు మీద ఏటీఎంలో క్యాష్ తీసి అద్దె, కరెంటు బిల్లు కట్టేవారు. ఆ కార్డు బిల్లు రాగానే రెండో కార్డు మీద క్యాష్ తీసి దాన్ని కట్టేవారు. రెండోదాని బిల్లు వస్తే మళ్లీ మొదటి కార్డు. దీన్ని ఆయన రొటేషన్ అనేవారు. నాకు మాత్రం ఒక్కటే లుంగీ ఉన్నవాడు దాన్నే తిరగేసి మరగేసి కట్టుకుంటున్నట్టుండేది.

బిల్లులు మరిది ఇంటికొచ్చేవి. అతను వాటిని ఓడ ఎక్కే తెలిసినవాళ్ల చేతికిచ్చి పంపేవాడు. మా దీవుల్లో అది మామూలే. మెయిన్‌ల్యాండ్ నుంచి వచ్చే ప్రతివాళ్ల సంచిలో ఇరుగుపొరుగువాళ్ల కవర్లూ పచ్చళ్లూ ఉంటాయి. దాంతో ఆయన బుర్రలో ఒక సిద్ధాంతం పుట్టింది. కవరు ఓడ దిగి చేతిలో పడేదాకా బిల్లు పుట్టనట్టే, గడువు మొదలవనట్టే! ఉల్లిపాయలు కూడా ఓడలోనే రావాల్సిన ఊళ్లో ఇన్నేళ్లు బతికినవాడికి, వడ్డీ ఒక్కటి ఓడ ఎక్కకుండా వస్తుందని ఎలా తోస్తుంది?

ఆ రోజుల్లోనే వైజాగ్‌లో మా చెల్లి పెళ్లి కుదిరింది. నాకున్నది ఒక్కతే చెల్లి. "అక్కా, నువ్వు రాకపోతే నేను పీటల మీద కూర్చోను," అని ఫోన్లో ఏడ్చింది. జాకెట్లు కుట్టి టికెట్టు డబ్బులు నేనే కూడబెట్టుకున్నాను. ఇక ఓడ రావడమే తరువాయి.

ఓడ రాలేదు. వాతావరణం బాగాలేదన్నారు, తర్వాత ఇంజిన్ రిపేరన్నారు. బజార్లో ఉల్లిపాయలు మాయమయ్యాయి. ఊరంతా మొహాలు వేలాడేసుకుంటే, రేవు నుంచి నవ్వుతూ ఇంటికొచ్చేది మా ఆయనొక్కరే.

"ఈ రోజు కూడా రాలేదే! చాయ్ పెట్టు," అనేవారు.

"అవతల మా చెల్లి పెళ్లండీ!"

"వచ్చీస్తాదిలే, టెన్షన్ మత్ లో. జీతం పడ్డ మర్నాడొస్తే నీకూ బాగుంటాది, నాకూ బాగుంటాది."

ఓడ రావాలని నేను దీపం పెడితే, ఆయన పక్కన నిలబడి కళ్లు మూసుకుని ఏదో గొణిగేవారు. ఏం మొక్కుకున్నారని అడిగితే, "తేరే లియే హీ" అనేవారు. నా కోసమేనట! పచ్చి అబద్ధం. నాకు ఒళ్లు మండిపోయేది.

చివరికి ఆయన మొక్కే నెరవేరింది. వైజాగ్‌లో ఓడ కదిలేసరికే చెల్లి పెళ్లయిపోయింది. నేను లేకుండానే పీటల మీద కూర్చుంది, కూర్చోక ఏం చేస్తుంది? ఆ ఓడలో వచ్చిన పక్కవాటా దీదీ మా ఇంటికొచ్చి, మా మరిది ఇచ్చి పంపిన సంచి విప్పింది.

"లో బెహన్, పెళ్లి లడ్డూలు. ఔర్ యే భయ్యా కా చిట్ఠీ," అంటూ మా ఆయన చేతికి బ్యాంకు కవరు ఇచ్చింది.

ఆయన కవరు చించి తెల్లబోయారు. గడువు ఎప్పుడో దాటిపోయింది. దానికి జరిమానా, పైగా క్యాష్ తీసిన రోజు నుంచే వడ్డీ.

"ఏటే ఇది? షిప్పే రాలేదు కదా!" అన్నారు, బ్యాంకువాళ్లు కూడా రేవులో నిలబడి ఎదురుచూడాల్సిందన్నట్టు. రెండో కార్డులో తీయడానికి ఏమీ మిగల్లేదు.

నేను లోపలికెళ్లి నా టికెట్టు డబ్బులు తెచ్చి ఆయన ముందు పెట్టాను. లెక్కపెట్టుకుని ఆయన వెలిగిపోయారు.

"సరిపోయిందే! ఆ కార్డు ముట్టుకోకుండా ఈ కార్డు కట్టీడం ఇదే ఫస్ట్ టైమ్!"

ఆ మొహం చూసి నాకు నవ్వాగలేదు. ఆయనా నవ్వారు. నవ్వుతూనే చెల్లి పెళ్లి లడ్డూ నోట్లో పెట్టుకున్నాను. నమలబోతే కళ్లమ్మట నీళ్లొచ్చేశాయి.

ఆయన కంగారుగా మంచినీళ్లు తెచ్చిచ్చి, "లడ్డూ గట్టిపడిపోయిందేటి?" అని అడిగారు.