అప్పలకొండమ్మ చూడకుండా వదలని కార్డులు

మా అమ్మ అప్పలకొండమ్మ చివరగా చేసిన పని, కలకత్తా పక్కన టికియాపారా రైల్వే క్వార్టర్స్ మెట్ల మీద కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ నాకు ఫోన్ చేయడం. నేను సాల్ట్ లేక్‌లో, ఆఫీసులో ఉన్నాను.

"ఏటే సుజనా, పొటో వొచ్చిందా?"

"ఏ ఫొటో?"

"రమ కూతురిది, సాహిత్య టీకాల కారడు. ఊర్నించి ఆల్లమ్మమ్మ పంపింది, నీకు పంపించాను. సదివి సెప్పు. రేపు బుదవారం, సూదులేసే రోజు."

"పనిలో ఉన్నానమ్మా. ఇంటికొచ్చాక చూస్తాను."

"రెండచ్చరాలు సదవడానికి ఇంటికి రావాలేటి? నానే గానీ సదువుకునుంటే మీ ఆఫీసు మొత్తాన్ని నడిపేసీదాన్ని."

నవ్వి పెట్టేశాను. సాయంత్రం ఐదింటికి పక్కింటావిడ ఫోన్ చేసింది. అమ్మ ఆ మెట్ల మీదే ఒరిగిపోయిందట. గుండె అన్నారు. చిక్కుడుకాయలు సగం అలాగే ఉన్నాయి.

టీకాల పని అమ్మకు ఎవరూ అప్పగించింది కాదు. రైల్వే బడిలో ఆయాగా చేసి మానేశాక, తనంతట తనే తలకెత్తుకుంది. క్వార్టర్స్‌లోని మా తెలుగువాళ్ళ ఆడపిల్లలు పురిటికి శ్రీకాకుళం వెళ్తారు. మొదటి సూదులు అక్కడ పడతాయి. కార్డు అమ్మమ్మ ట్రంకుపెట్టెలో భద్రంగా ఉండిపోతుంది, పిల్ల మాత్రం ఇక్కడికి వస్తుంది. మళ్ళీ ఏ పెళ్ళికో, రెండో పురిటికో వెళ్తారు. ఇక్కడ అడిగితే "ఊళ్ళో ఏసీసేరు" అంటారు. అక్కడ అడిగితే "కలకత్తాలో ఏసీసేరు" అంటారు. తట్టు రాకుండా పదహారో నెల నుంచి పడాల్సిన రెండో సూది ఇద్దరి మధ్యా జారిపోతుంది. ఎన్నేళ్ళు విన్నామో ఈ మాట! తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

అందుకని అమ్మ ఊళ్ళోని ఆ అమ్మమ్మలందరికీ ఫోన్లు చేసి, పెట్టెలు తెరిపించి, కార్డుల ఫొటోలు తెప్పించేది. అవన్నీ తెలుగులో ఉంటాయి. అమ్మకు చదువు రాదు. క్వార్టర్స్‌లో పిల్లలకు వచ్చింది బంగ్లా, హిందీ. నేనే చదవాలి. కార్డు చూడందే అమ్మ ఏ పిల్లనీ టీకాల కేంద్రానికి తీసుకెళ్ళేది కాదు.

"ఏసిన సూదే మల్లీ ఏసీసినారనుకో. పిల్లకేటన్నా అయితే నా మొకాన ఉమ్మరా?" అనేది.

నిజమే కదా అనుకునేదాన్ని.

కర్మకాండ, చుట్టాలు, ఆఫీసు. ఆ ఫొటో నా ఫోన్‌లో ఇరవై ఆరు రోజులు అలాగే ఉంది. ఒకరోజు ఆఫీసు బస్సులో తెరిచాను. తొమ్మిదో నెల గడిలో తట్టు మొదటి సూది తేదీ ఉంది. పదహారో నెల గడి ఖాళీ. సాహిత్యకు అప్పటికి ఇరవై నెలలు నిండాయి.

బస్సు దిగి నేరుగా మా క్వార్టర్స్‌లోనే ఉండే రమాకుమారి ఇంటికి వెళ్ళాను. గుమ్మానికి వేపమండలు కట్టి ఉన్నాయి.

"నోపలికి రాకక్కా. పాపకి అమ్మోరు పోసింది, ఒల్లంతా తట్టు."

"డాక్టరుకి చూపించారా?"

"గుమ్మంలో అలాటి మాటలనకు. సల్లబడితే తల్లే ఎల్లిపోద్ది."

"రెండో సూది పడలేదు రమా!"

"ఊల్లో ఏసీసేరనే అనుకున్నాం. మీయమ్మ కారడు సూసి సెప్తానంది. సెప్పనేదు."

అమ్మ చెప్పలేకపోయిన మాట ఇన్నాళ్ళూ నా సంచిలో, ఫోన్‌లో ఉంది. నా మీద నాకొచ్చిన కోపం రమ మీద చూపించాను. ఆ వేపమండల మీద, ట్రంకుపెట్టెల మీద కూడా అరిచాను. లోపల పాప ఆయాసం గుమ్మంలోకి వినిపిస్తోంది. రమ భర్త ఉమామహేశ్ సంత్రాగాఛి రైల్వే యార్డులో డ్యూటీ దిగి వచ్చి, నా అరుపులు విని, పాపను భుజాన వేసుకుని ఆసుపత్రికి బయల్దేరాడు. నిమోనియా. తొమ్మిది రోజులు ఆసుపత్రిలో. సాహిత్య బతికింది. కానీ చెవిలో చీము పట్టింది. ఇప్పుడు కుడివైపు నుంచి పిలిస్తే తిరగదు.

తర్వాతి బుధవారం అమ్మ ఫోన్ పట్టుకుని టీకాల కేంద్రానికి వెళ్ళాను. అందులో నలభైకి పైగా కార్డులున్నాయి. ఎవరినో ఒకరిని దులిపేయాలని ఉంది. అక్కడి నర్సు దొరికింది.

"ఒక రాష్ట్రం కార్డు ఇంకో రాష్ట్రంలో చదవలేకపోతే ఎలా దీదీ? ఇది చదవనందుకే కదా ఆ పిల్ల అలా అయింది!"

ఆ నర్సుకు అమ్మ తెలుసు. ఎప్పుడూ లెక్క తేల్చుకున్న పిల్లల్నే తెచ్చేది, ఏ అనుమానమూ అడిగేది కాదు అంది. ఫోన్‌లో ఒక్కో కార్డూ ఓపిగ్గా చూసింది. తర్వాత బంగ్లాలో, మామూలు సంగతి చెప్పినట్టు చెప్పింది. తట్టు సూదికి కార్డు లేకపోయినా ఫరవాలేదట. పడినట్టు ఎక్కడా రాసి లేకపోతే, పడనట్టే లెక్కేసి వేసేస్తారట. ఇదివరకే పడి ఉన్నా, ఇంకోసారి వేస్తే పిల్లకు ఏమీ కాదట.