వెనక నుంచి తెరిచిన పుస్తకం

మా పక్కింటి ఆపా పోయిన శుక్రవారం పొద్దున చనిపోయారు. వాళ్ల కోడలు గోడ అవతలి నుంచి పిలిచి చెప్పింది. నేను పొయ్యి మీద పాలు పెట్టిన సంగతే మరిచిపోయాను. అన్నీ పొంగిపోయాయి.

చాంద్రాయణగుట్టలో మా గల్లీ అంతా ఆమెను ఆపా, అంటే అక్క, అనే పిలిచేది. ఉర్దూ మీడియం సర్కారు బళ్లో చదువు చెప్పి రిటైరైన మనిషి. కిందటేడు మా పెద్దమ్మాయి ఏడో తరగతిలో లెక్కలు రాక రోజూ క్లాసు బయట నిలబడేది. బడి పేరెత్తితే జ్వరం. నాకు ఒళ్లు మండి దాన్నీ, నాలుగు చదివే కొడుకునీ, ఒకటి చదివే చిన్నదాన్నీ కలిపి మాన్పించాను. ఇంట్లోనే చదివిస్తానని మా ఆయనతో గొప్పగా చెప్పాను. తీరా మూడు తరగతుల పుస్తకాలు చాప మీద పరిచాక, ఎవరికి ఎక్కడ మొదలుపెట్టాలో నాకే తెలియలేదు. ఒకరికి చెబుతుంటే మిగతా ఇద్దరు కొట్టుకునేవారు. వారం తిరక్కుండా పెద్దదాని మీద చెయ్యి చేసుకున్నాను. ఆ మాట రాయడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

ఆ లొల్లి విని ఆపా వచ్చారు. చాప అంచున కూర్చుని ఏడో తరగతి లెక్కల పుస్తకం అందుకున్నారు. జన్మంతా కుడి నుంచి ఎడమకు సాగే ఉర్దూ పుస్తకాలు తిప్పిన చేతులు కదా, అలవాటుగా వెనక అట్ట తెరిచారు. పిల్లలు నవ్వారు. ఆమె కూడా నవ్వి, "పోనీ, గిట్లనే పోదాం బేటా. నీకు వచ్చే లెక్క దొరికేదాక ఎనకకు తిప్పు. ఆడ మొదలువెడదాం" అన్నారు.

పెద్దది తిప్పింది. ఏడు అయిపోయింది, అటక మీంచి దించిన దాని పాత పుస్తకాలు ఆరు, ఐదు కూడా అయిపోయాయి. నాలుగో తరగతి పుస్తకంలో భాగహారాల దగ్గర దాని చెయ్యి ఆగింది. సరిగ్గా తమ్ముడు ఆగిన పేజీ. వాడు కిసుక్కుమన్నాడు. పెద్దది పుస్తకం విసిరేసి గోడవైపు తిరిగి కూర్చుంది. ఇక ఇది పుస్తకం ముట్టదనుకున్నాను.

ఆపా ఓదార్చలేదు. "నాకు తెలుగు మాట్లాడుడే వస్తది, సదువుడు రాదు. నేను గీ చిన్నదాని పక్కన కూసుంటా. నువ్వు నేర్పుతవా?" అని పెద్దదాన్ని అడిగారు.

అరవై దాటిన మనిషి ఆరేళ్ల పిల్ల పక్కన పలక పట్టుకున్నారు. మూడో రోజుకల్లా పెద్దది ఇద్దరిచేతా అఆలు దిద్దిస్తోంది. అదయ్యాక నోరెత్తకుండా తమ్ముడితో భాగహారాలు చేసేది. ఆపా రోజూ సాయంత్రం నమాజు కాగానే వచ్చేవారు, కొంగులో వేయించిన శనగలతో. తప్పు లెక్కను కొట్టేయనిచ్చేవారు కాదు. దాన్ని ఉండనిస్తే రేపు చూసి నవ్వుకోవచ్చట. నా బిడ్డను నాకు మళ్లీ ఇచ్చింది ఆమే.

శుక్రవారం నుంచి పెద్దది పుస్తకం తీయడం లేదు. మళ్లీ గోడవైపు తిరిగిపోతుందేమోనని నా భయం. నిన్న ఆపా కోడలు వచ్చి, అత్తగారు ఇంట్లో రాసుకున్న తెలుగు నోటుబుక్కు దాని చేతిలో పెట్టింది. అదీ చివరి పేజీ నుంచే మొదలైంది. పెద్దది వెనక నుంచి ఒక్కో పేజీ తిప్పుతూ పోయింది. అక్షరాలు, గుణింతాలు, మా గల్లీ పేరు, మా ముగ్గురు పిల్లల పేర్లు. ఆ తర్వాత ఖాళీ. తమ్ముడూ చెల్లెలూ వచ్చి చెరోపక్కన కూర్చున్నారు. ఎవరూ నవ్వలేదు. ఆ ఖాళీ పేజీ మీద అరచెయ్యి ఆనించి కూర్చుంది పెద్దది. గోడవైపు మాత్రం తిరగలేదు.