బు వార్సితి దూదుండ

బు వార్సితి జన్మలో ఎవరి మాటా నమ్మి ఎరగదు. వాన పడుతోందంటే కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి చూస్తుంది. చెయ్యి తడిసినా, పై అంతస్తువాళ్ళు మొక్కలకి నీళ్ళు పోస్తున్నారేమోనని రెండో చెయ్యి కూడా పెడుతుంది. సొంత చెల్లెలి కొడుకు పెళ్ళిలో పెళ్ళికొడుకు బుగ్గ నిమిరి, "గడ్డం పొద్దున గీశావా, నిన్న గీశావా?" అని అడిగిన మనిషి.

జోగ్జాలో మేం పెద్దవాళ్ళని గౌరవంగా, ఆడవాళ్ళనైతే బు అనీ మగవాళ్ళనైతే పాక్ అనీ పిలుస్తాం. మా యూనివర్సిటీ సేఫ్టీ ఆఫీసు ఆవిడది. లాబుల్లో ఘాటు మందుల మధ్య పనిచేసే సిబ్బందికీ విద్యార్థులకీ ఏడాదికోసారి మాస్కు పరీక్ష పెడుతుంది. ముందు గడ్డం సంగతి. నున్నగా గీసుకొచ్చామంటే ఒప్పుకోదు, జేబులోంచి దూదుండ తీసి చెంపల మీద రాస్తుంది. ఒక్క పోగు అంటుకుందంటే ఇంటికి పంపేస్తుంది. రసాయనశాస్త్రం ప్రొఫెసరు ఒకాయన, ఇది గడ్డం కాదు, సన్నటి నూగు మాత్రమేనని వాదించబోతే, "నాకు కాదు, ఆ సందులోంచి దూరే గాలికి చెప్పండి" అని తలుపు చూపించింది.

గడ్డం గండం గట్టెక్కాక రబ్బరు మాస్కు తొడిగించి, తలమీంచి గాజులాంటి సంచీ ఒకటి బోర్లించి, అందులోకి చేదు మందు జల్లుతుంది. వంగమంటుంది, మెడ తిప్పమంటుంది, కాగితం చేతికిచ్చి పైకి చదవమంటుంది. చేదు తెలిస్తే మాస్కులో ఎక్కడో సందున్నట్టు. తెలియలేదని మనం చెబితే ఎలాగూ నమ్మదు, ఎదురుగా స్టూలేసుకుని మన మొహంలోకే చూస్తూ కూర్చుంటుంది.

ఆవిడంటే అందరికన్నా ఎక్కువ ఒళ్ళుమంట పాక్ తుకిరన్‌కి. జంతుశాస్త్రం విభాగంలో, మేడమీద ఫార్మలిన్ సీసాల గది ఆయనది. ఇరవై ఆరేళ్ళుగా ఆ సీసాల్లోని తొండల్నీ గబ్బిలాల్నీ పాముల్నీ కంటికి రెప్పలా చూసుకుంటున్నాడు. పెద్ద కొండచిలువ సీసా తుడిచేటప్పుడైతే దాని యోగక్షేమాలు కూడా అడుగుతాడు. మాస్కు పరీక్ష నెగ్గనివాళ్ళు ఆ గదిలో అడుగుపెట్టకూడదని ఆ ఏడాది కొత్త రూలొచ్చింది.

అదొక్కటే అయితే ఏదో తిప్పలు పడేవాడు. ఏడాదిగా ఆయనకి ఊపిరి అందడం లేదు. ఆ సంగతి పెళ్ళానికి కూడా చెప్పలేదు. ఆరోగ్యం కాగితంలో ఆయాసం ఉందా అన్నచోట లేదని రాసేశాడు. ఉందని తెలిస్తే తపాలా గదిలో కూర్చోబెడతారు, ఇక రిటైరయ్యేదాకా కవర్ల మీద ముద్రలు కొట్టుకోవడమే. కొండచిలువ లేని ఉద్యోగం ఆయన ఊహించుకోలేకపోయాడు.

చేదు తెలియకుండా ఉండాలంటే నాలుక మొద్దుబారాలి కదా అని ఆలోచించాడు. గేటు దగ్గర జము కషాయాలమ్మే సార్పి దగ్గర ఆగి, ఉన్నవాటిలోకల్లా చేదుది మూడు గ్లాసులు పట్టించాడు. జ్వరమా అని సార్పి అడిగితే, పరీక్ష అని చెప్పి మూతి తుడుచుకుని వచ్చాడు. మాస్కు పెట్టకముందే ఓసారి మందు జల్లి నాలుక పనిచేస్తోందో లేదో చూస్తారని పాపం ఆయనకి తెలియదు.

"చేదుందా?" అంది బు వార్సితి.

"లేదు, బు."

ఇంకోసారి జల్లింది. "ఇప్పుడు?"

"అబ్బే, చుక్క చేదు లేదు. మాస్కు బ్రహ్మాండంగా పట్టింది."

"మాస్కు ఇంకా పెట్టనే లేదు, పాక్. ఏం తాగొచ్చారు?"

నోరు పుక్కిలింపించి, గంటసేపు కూర్చోబెట్టి, మళ్ళీ మొదలుపెట్టింది. ఈసారి నోరు లేదంది గాని ఎడమ కనురెప్ప టపటపా కొట్టుకుని నిజం చెప్పేసింది. బు వార్సితి ఆకుపచ్చ నోటు పుస్తకంలో ఏదో రాసుకుంది.

రెండో వారం ఇంకో మాస్కు, చేదు బదులు తీపి మందు. ఆయన బుగ్గన తాటిబెల్లం ముక్క పెట్టుకొచ్చాడు. ఆవిడ దగ్గరికొచ్చి వాసన చూసి, చెత్తబుట్ట ముందుకు జరిపింది. మూడో వారం మూడో మాస్కు, అరటిపండు వాసనొచ్చే మందు. ఆయన వేడివేడి అరటిపండు బజ్జీలు ఆరు తినేసి వచ్చాడు. గదిలో ఉన్న వాసన మందుదో మనిషిదో తేలక బు వార్సితి కిటికీలన్నీ తెరిచి, ఆయన్ని బయట వేపచెట్టు కింద ఆరబెట్టింది. ఎన్ని చేసినా, పళ్ళూడి లోతుకుపోయిన ఆ బుగ్గల మీద మూడు మాస్కుల్లో ఒక్కటీ అతకలేదు.

మూడోసారి తప్పాడని రాసేటప్పుడు ఆవిడ మొహం సంతోషంగా ఉండటం ఆయన కళ్ళారా చూశాడు. అప్పుడు మొదలైంది అనుమానం. అంతకుముందు రెండుసార్లు ఆయన మెట్లెక్కుతుంటే ఆవిడ కింద నిలబడి చూడటం, పుస్తకంలో రాసుకోవడం గుర్తొచ్చాయి. తన గది ఎవరో చుట్టానికి ఇప్పించుకోవాలని చూస్తోందని తేల్చుకున్నాడు.

మర్నాడు ఏదో ఒకటి తేల్చుకుందామని సేఫ్టీ ఆఫీసుకి వెళితే ఆవిడ లేదు. బీరువా తలుపు ఓరగా ఉంది. లోపల నాలుగో మాస్కు, మిగతావాటికన్నా చిన్న సైజుది. తీసి పెట్టుకున్నాడు. రెండు అరచేతులతో గాలి చిల్లులు మూసి లోపలికి పీల్చాడు. మాస్కు చెంపలకి అతుక్కుపోయింది, కొలతిచ్చి కుట్టించినట్టు. ఆవిడ లోపలికి రాగానే మాస్కు ఎత్తి చూపించాడు.

"ఇది నాకు సరిపోయింది. మీరు చూపించనే లేదు."

"లేదు."

"ఎందుకని? నా గది ఎవరికిద్దామని?"

ఆవిడ బీరువా తాళం వేసి, లాగి చూసి, కూర్చుంది. "రోజూ మెట్ల మలుపులో వంగి ఏం చేస్తుంటారు, పాక్?"

"లేసులు కట్టుకుంటుంటాను."

బు వార్సితి ఆయన కాళ్ళకేసి చూసింది. ఆయనా చూసుకున్నాడు. రబ్బరు చెప్పులు. బూట్లు గదిలో ఉంటాయి, లోపలికెళ్ళాకే వేసుకుంటాడు.

"ఆ మాస్కులో గాలి మీరే లాక్కోవాలి," అంది ఆవిడ. "మీ ఛాతీకి ఆ ఓపిక లేదు. సరిపోయిందని రాస్తే ఏదో ఒకరోజు కొండచిలువ పక్కన పడి ఉంటారు. ఆయాసమని రాస్తే తపాలా గది. మూడు రకాలూ మొహానికి అతకలేదని రాస్తే మాత్రం, గాలిని తనే ఊదే టోపీ యూనివర్సిటీ కొని తీరాలి. రూల్లో మూడే అని ఉంది. నాలుగోది చూపించమని లేదు."

పాక్ తుకిరన్‌ సిగ్గుతో చచ్చిపోయాడు. మాస్కు బల్లమీద పెట్టేసి, కొండచిలువ సంగతి మీకెలా తెలుసని అడిగాడు.

"తలుపు బయట నిలబడి విన్నాను. మంగళవారం డాక్టరు దగ్గరికి వెళ్ళండి, ఆ టోపీకైనా ఆయన సరేననాలి. వెళ్ళానని నోటితో చెబితే నమ్మను, చీటీ తెండి."

డాక్టరు మందులిచ్చి, బిగుతు మాస్కు వద్దు, టోపీ అయితే సరేనని రాశాడు. చీటీ చూశాక కూడా బు వార్సితి డాక్టరుకి ఫోన్ చేసి కనుక్కుంది. ఐదు వారాలకి టోపీ వచ్చింది. నడుముకి చిన్న యంత్రం కట్టుకుని మీట నొక్కితే నుదుటి మీద చల్లటి గాలి. ఏడాదిలో మొదటిసారి పాక్ తుకిరన్ హాయిగా ఊపిరి పీల్చుకున్నాడు.

"గాలి వస్తోందా?"

"వస్తోంది, బు."

ఆవిడ నమ్మలేదు. టోపీ అంచెత్తి తన మొహం కూడా లోపల దూర్చి చూసి, వస్తోందని ఒప్పుకుంది.

మర్నాడు ఆయన అరటిపండు బజ్జీల పొట్లం తెచ్చి ఆవిడ బల్లమీద పెట్టాడు. ఎందుకని అడిగింది. ఊరికే అన్నాడు. ఊరికే ఎవరూ ఏమీ తేరంది. దూదుండ తీసి బజ్జీ మీద ఒత్తి నూనె ఎంతుందో చూసింది. ముందు ఆయన చేత ఒకటి తినిపించింది. ఆ తర్వాత మిగిలినవన్నీ తనే తినేసింది.