నల్లగుడ్డ మూట

మా తోడికోడలు కారు కొన్న రోజు నేను వడలు వేశాను, హారతి పళ్లెం పట్టాను, అందరికంటే ఎక్కువ నవ్వాను. లోపల మాత్రం కళ్లల్లో నిప్పులు పోసుకున్నాను. దాచడమెందుకు? లైసెన్సు నాకు ఆమె కంటే పదేళ్ల ముందే వచ్చింది. అది బీరువాలో పట్టుచీరల కింద పడి ఉంది. కారు కొందామని మా ఆయన్ను ఒక్కసారి అడిగాను. చిక్కపేట సందుల్లో తోపుడుబండే ఇరుక్కుంటుంది, నీకు కారెందుకే అని ఆయన నవ్వాడు. నేను నోరు మూసుకున్నాను. ఆమె మా మరిదిని అడగనే లేదు. తన జీతంతో కొనుక్కుని, తాళం తెచ్చి అత్తమ్మ చేతిలో పెట్టి దీవించమంది. అలా చెయ్యొచ్చని నాకెందుకు తోచలేదో!

మరిది ఊరుకున్నాడు గానీ ఒక షరతు పెట్టాడు. దారిలో ఏ చిన్న తిరకాసు వచ్చినా తాళం తన చేతికి ఇచ్చెయ్యాలి. అప్పుడు కారు బొమ్మసంద్రలో తను పనిచేసే ఫ్యాక్టరీకి తీసుకుపోతాడు, ఆమె మళ్లీ మెట్రో ఎక్కాలి. ఆమె సరేనంది. నెల తిరిగినా బండి మీద గీత పడలేదు. నాకెలా తెలుసంటారా? రోజూ సాయంత్రం బండి చుట్టూ తిరిగి చూసేదాన్ని.

ఆ ఆదివారం యలహంకలో మా ఆడబిడ్డ గృహప్రవేశం. మరిది తెల్లారకముందే పనులకని వెళ్లిపోయాడు. మేం ముగ్గురు ఆడవాళ్లం వెనక బయల్దేరాం. బయల్దేరే ముందు అత్తమ్మ ఎండుమిరపకాయలు, ఉప్పు, ఆవాలు నల్లగుడ్డలో మూటగట్టి, దిష్టి తగలకుండా బండికి కట్టమని నా చేతికిచ్చింది. ముందర వేలాడితే ఆఫీసులో నవ్వుతారక్కా, లోపల బ్యాటరీ పక్కన కట్టు అని తోడికోడలు బానెట్ ఎత్తిపెట్టి, చీర మార్చుకోవడానికి పైకి వెళ్లింది. బ్యాటరీ దగ్గర ముడి నిలవలేదు. ఇంజన్ పక్కన ఒక రేకు కనిపించింది. బండి నడిస్తే ఆ రేకు సలసల కాగుతుందని నాకు తెలుసు, డ్రైవింగ్ స్కూల్లో చూపించారు. అయినా దానికే కట్టి బానెట్ మూశాను. ఏమీ కాదులే అనుకున్నానా, అయితే కానీ అనుకున్నానా అంటే, రెండోదే అని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

హెబ్బాళ ఫ్లైఓవర్ దిగుతుండగా వాసన మొదలైంది. ముందు సీట్లో ఉన్న అత్తమ్మ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని, చిన్నకొడుక్కి ఫోన్ చేసి కారు కాలిపోతోందని చెప్పేసింది. తోడికోడలు బెదరలేదు. ఏసీ ఆపింది, అద్దాలు దించింది, హెచ్చరిక దీపాలు వెలిగించి నింపాదిగా సర్వీసు రోడ్డు పక్కకు తెచ్చి ఆపింది. హ్యాండ్‌బ్రేక్ పొరపాటున వేసి నడిపానా అని చూసుకుంది. వేడి చూపించే ముల్లు సగంలోనే ఉంది. దిగి నాలుగు చక్రాల దగ్గరా చేతి వెనకవైపు పెట్టి వేడి చూసింది. బ్రేకులు కావు, రబ్బరు కాదు, ఇది గుడ్డ కాలే వాసన అని తేల్చింది. ఎంత చక్కగా చేసిందంటే నాకు ఇంకా ఒళ్లు మండింది. ఇలా చూసుకోవడాలన్నీ నాకూ తెలుసు. నేను చూసుకోవడానికి బండి ఏదీ?

కాసేపాగి బానెట్ ఎత్తింది. పొగ మొహాన కొట్టింది. అత్తమ్మ నీళ్ల సీసా ఎత్తితే, కాగిన ఇనుము మీద పొయ్యకూడదని ఆపి, స్పానర్‌తో మూటను లాగి రోడ్డు మీద పడేసింది. అది విచ్చుకుని మిరపకాయలు రాజుకున్నాయి. ముగ్గురం కళ్లనీళ్లు పెట్టుకుని దగ్గాం. దిష్టి ఉంటే మిరపకాయలు కాలినా ఘాటు రాదని మా ఇళ్లల్లో నమ్మకం.

దగ్గుతూనే అత్తమ్మ మొహం వెలిగిపోయింది. "చూడు, ఎంత ఘాటు వస్తా ఉండాదో. ఈ బండి మీద ఎవురి కన్నూ పడలేదు."

నేను తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. తోడికోడలు కాలిన రేకు వైపు చూసింది, బ్యాటరీ వైపు చూసింది, తర్వాత నా వైపు చూసింది. అత్తమ్మను లోపల కూర్చోబెట్టి నీళ్లిచ్చి, అద్దాలెత్తి, ఇంజన్ తిప్పి ఐదు నిమిషాలు బయట నిలబడి వాసన చూసింది. వాసన లేదు. బండికేమీ కాలేదు.

అప్పుడే ఎవరి బండి వెనకో కూర్చుని మరిది వచ్చి దిగాడు. రేకు మీద మసి చూసి, ఇక్కడ మూట కట్టింది ఎవరని అడిగాడు. అద్దాల వెనక అత్తమ్మకు ఇదేమీ వినబడదు.

"నేనే కట్టినా," అంది తోడికోడలు. "తెలీక కట్టినా."

అతను చెయ్యి చాపాడు. "ముందే చెప్పినా కదా."

ఒక్క మాట చెబితే చాలు. అది నా నోటిదాకా వచ్చిందని రాస్తే అబద్ధం. రాలేదు. ఆమె తాళం అతని చేతిలో పెట్టి, వచ్చి వెనక సీట్లో నా పక్కన కూర్చుంది.

బండి కదిలాక, ముందువాళ్లకు వినిపించకుండా నా చెవి దగ్గర అంది. "నువ్వు బాధపడొద్దక్కా. పండగ ఇంట్లో అందరి ముందర నీ మీద మాట రాకూడదు." నా చెయ్యి పట్టుకుంది. యలహంక వచ్చేదాకా వదల్లేదు. ఆమె కూడా వెనక సీట్లోనే ఉందని నాకు దారి పొడుగునా హాయిగానే ఉండింది.

ఇప్పుడు కారు రోజూ బొమ్మసంద్రకు పోతుంది. ఆమె పొద్దున్నే లంచ్ బాక్స్ సంచిలో పెట్టుకుని మెట్రో స్టేషన్‌కు నడుస్తుంది. గడప దాటుతూ, అక్కా పోయొస్తా అంటుంది. నేను వంటింట్లోంచే, పోయిరామ్మా అంటాను.