దీవిలో సునీతక్క పేర్చిన బతుకమ్మ

నిన్న పొద్దున దిల్‌సుఖ్‌నగర్ మెట్రో మెట్లెక్కుతుంటే సునీతక్క కూతురు మౌనిక ఫోన్ చేసింది.

"చిన్నమ్మా, అమ్మ పోయింది."

ఎక్కడికి పోయింది అని అడిగాను. నిజంగా అలాగే అడిగాను.

ఛాయ్ తాగుతూ కూర్చున్న మనిషి కూర్చున్నట్టే ఒరిగిపోయిందట. హార్ట్ ఎటాక్. యాభై కూడా నిండలేదు. మీర్‌పేట్ వెళ్లి ముఖం చూసేదాకా నేను నమ్మలేదు.

సునీతక్క మీలో చాలామందికి తెలియదు. మేమిద్దరం నర్సులం. పదేళ్ల కిందట మాల్దీవుల్లో ఒక చిన్న దీవిలో, హెల్త్ సెంటర్‌లో కలిసి పనిచేశాం. ఒకే గది. ఆమెది నల్గొండ వైపు పల్లె, ఇల్లు మీర్‌పేట్‌లో. మా నాన్నది కృష్ణా జిల్లా, నేను పుట్టి పెరిగింది దిల్‌సుఖ్‌నగర్.

ఫొటోలు చూసి అందరూ కుళ్లుకున్న దీవి అది. నీలం నీళ్లు, తెల్లటి ఇసుక.

చుట్టూ తిరిగి రావడానికి ఇరవై నిమిషాలు.

మూడో రోజుకే అన్నీ చూసేశాం. నాలుగో రోజు నుంచి ఎటు బయల్దేరినా అదే జెట్టీ, అవే కొబ్బరి చెట్లు, అవే ముఖాలు. రెండేళ్ల అగ్రిమెంట్. సర్టిఫికెట్లు ఆఫీసు వాళ్ల దగ్గర. సముద్రం బాగోకపోతే కూరగాయల పడవ కూడా రాదు. ఒకసారి పన్నెండు రోజులు ఉల్లిపాయ లేకుండా వండుకున్నాం.

నాకు ఊపిరాడేది కాదు. అంత గాలి ఉన్న చోట. రోజూ ఏడ్చేదాన్ని.

అక్క వేరే టైపు. బాత్రూంలోకి పీతలు వచ్చేవి. నేను మంచమెక్కి అరిచేదాన్ని. ఆమె చున్నీ నడుముకి చుట్టి, పాత బెడ్‌పాన్ బోర్లించి పట్టేది. "ఓపీ చీటీ లేకుండ లోపటికి ఎట్లొచ్చినవ్ రా నువ్వు?" అని పీతకి క్లాసు పీకేది.

అలాంటి మనిషి సద్దుల బతుకమ్మ రోజు పొద్దున్నుంచి ఉలుకూ పలుకూ లేదు.

సాయంత్రం డ్యూటీ దిగాక అక్క, మా ఇంటి ఓనరమ్మ కంచె మీది పూలన్నీ చున్నీలో కోసుకొచ్చింది. తంగేడు లేదు, గునుగు లేదు. కాగితం పూలు, మందారాలు, నూరువరహాలు. అన్నం తినే కంచంలో వరసలుగా పేర్చింది. పైన వంటింటి పసుపుతో గౌరమ్మ.

దిల్‌సుఖ్‌నగర్‌లో ఏటా మేడ మీంచి చూడటమే తప్ప నేనెప్పుడూ బతుకమ్మ ఆడలేదు. మా ఇంట్లో ఆ అలవాటు లేదు. నాకు రాదక్కా అన్నాను.

"రాకుంటే ఏమాయె? ఒంగు, చప్పట్లు కొట్టు, నా ఎనక తిరుగు. జర చప్పుడు జెయ్యకు."

అక్కడ మన పూజలు మన గది దాటకూడదు. అది రూలు. అందుకని చప్పుడు లేని చప్పట్లు. చేతులు కలిసేలోపే ఆపెయ్యాలి. రెండు మంచాల మధ్య కంచం. చుట్టూ తిరగాలంటే మంచాలు ఎక్కి దిగాలి. అక్క గొంతులోనే పాడుతోంది. నాకు నవ్వాగలేదు.

ఎవరో తలుపు కొట్టారు.

ఓనరమ్మ. కంచం చూసింది, అందులో తన పూలు చూసింది. అక్క ముఖం పాలిపోయింది. భర్త లేని మనిషి. ఆ ఉద్యోగం పోతే ఇక్కడ పిల్ల చదువు ఆగిపోతుంది.

అయినా చప్పున నన్ను చూపించి, "బర్త్‌డే! హర్ బర్త్‌డే!" అంది.

ఓనరమ్మ నన్ను వాటేసుకుంది. మర్నాడు కొబ్బరి స్వీటు తెచ్చిచ్చింది. వారం రోజులు దీవంతా నాకు హ్యాపీ బర్త్‌డే చెప్పింది. నేను పుట్టింది మార్చిలో.

ఆ రాత్రి ఆమె వెళ్లాక బతుకమ్మను సాగనంపాలి. చుట్టూ సముద్రమే, కానీ మేం వెయ్యడానికి లేదు. బాత్రూంలో బకెట్ నింపి అందులో వేశాం.

అప్పుడు నాకు ఏడుపొచ్చింది. "ఆవిడ కంప్లయింట్ చేసినా బాగుండేదక్కా, ఇంటికి పంపించేసేవాళ్లు" అన్నాను. ఆమె ఉద్యోగం కూడా పోయేదన్న ఆలోచనే నాకు రాలేదు.

అక్క కోప్పడలేదు.

"గంత కష్టమైతుందా నీకు?" అంది.

రెండు నెలలకు నన్ను రిలీవ్ చేశారు. నేను రాసిన లెటర్లకి ఆఫీసు దిగొచ్చిందనుకున్నాను. ఇన్నేళ్లూ అందరికీ అదే చెప్పాను, పోట్లాడి బయటపడ్డానని. ఎల్‌బీ నగర్‌లో కలిసినప్పుడల్లా అక్క ముందు కూడా చెప్పేదాన్ని. ఆమె నవ్వేది. "మా లావణ్య మొండిది, ఇడ్సిపెట్టదు" అనేది.

నిన్న మౌనిక పక్కన కూర్చుని, ఏదో ఒకటి మాట్లాడాలని, "నీ పదో తరగతి పరీక్షలకి వస్తానని మీ అమ్మ ఎంత సంబరపడిందో. పాపం, లీవ్ ఇవ్వలేదు" అన్నాను.

"ఇచ్చిన్రు చిన్నమ్మా. అమ్మనే వద్దన్నది."

ఎందుకని అడిగాను.

"లావణ్యను ఇంటికి పంపుండ్రి, ఆమె జాగల ఇంకొకరు వచ్చేదాంక రెండు డ్యూటీలు నేనే జేస్త అని రాసిచ్చింది. తొమ్మిది నెలలు ఎవ్వరు రాలే. నీకు చెప్పొద్దని నాతోని ఒట్టేయించుకుంది."

మౌనిక గొంతులో కోపం లేదు. ఉన్నా బాగుండేది.

పదో తరగతి పిల్ల తల్లి లేకుండా పరీక్షలకి వెళ్లిన రోజుల్లో నేను దిల్‌సుఖ్‌నగర్‌లో షాపింగ్ చేసుకుంటూ తిరుగుతున్నాను. ఎంత ధైర్యవంతురాలినో అని నన్ను నేనే మెచ్చుకుంటున్నాను.

సిగ్గుగా ఉందక్కా. నా కథ విన్నప్పుడల్లా ఎలా నవ్వగలిగావు?

నన్ను విడిపించింది సునీతక్క. ఇది ఆమె బతికుండగా చెప్పాల్సిన మాట. తెలియక చెప్పలేదు, ఇప్పుడు అందరి ముందూ చెబుతున్నాను.

వెళ్లిరా అక్కా. ఇక డ్యూటీల్లో నీ వంతూ నా వంతూ ఏమీ లేవు. హాయిగా పడుకో.