ఎండకు జడిసిన నారుతల్లి

మా చెల్లెలి గురించి రాయాలంటే ఎక్కడ మొదలుపెట్టాలో తెలియదు, గొప్పలు అన్ని ఉన్నాయి. మేమిద్దరం చదివింది ఊరి బడిలోనే. నేను లెక్కల్లో ముందుండేవాణ్ణి, అది అన్నిటిలోనూ ముందుండేది. భర్త వడ్రంగం పనికి వెళ్తే, ఇంటి వెనక విరిగిన బకెట్లలో మిరప విత్తనం చల్లి నారు అమ్మడం మొదలుపెట్టింది. ఇవాళ దాని షెడ్డు ముందు రైతులు ట్రాలీలు ఆపుకుని నిలబడతారు. మా చుట్టుపక్కల ట్రేలలో నారు పోసిన మొదటి మనిషి మా చెల్లెలే. నీళ్ల మోటారు మొరాయిస్తే మెకానిక్కు కోసం ఎదురుచూడకుండా విప్పి బిగించిందీ అదే. కొడుకును చదివించింది. మొక్కల మీద పరిశోధన చేసే పిల్లను కోడలిగా తెచ్చుకుంది. రైతులు దాన్ని నారుతల్లి అంటారు. ఆ పేరు ఊరికే రాలేదు. మొక్కల్ని బుజ్జగిస్తుంది, మనుషుల్ని కసురుతుంది.

అలాంటి మనిషికి పోయినేడు గడ్డుకాలం వచ్చింది. షెడ్డు మీది పాత వల చిరిగిపోతే, గాజులా మెరిసే కొత్త ప్లాస్టిక్ పట్టా వేయించింది. దాని కింద నారు పొడుగ్గా, లేతగా, పట్టులా వచ్చింది. చూసినవాళ్లంతా మెచ్చుకున్నారు. తీరా ఆ నారు నాటిన చేలల్లో తామరపురుగు విందుకు కూర్చుంది. ఆకులు దోనెల్లా పైకి ముడుచుకున్నాయి. మొదటి నుంచీ దాని దగ్గరే కొనే పెద్ద రైతు వచ్చి, ఇంకోసారి ఇలాగే అయితే తామంతా వేరే నర్సరీ చూసుకుంటామని మర్యాదగానే చెప్పి వెళ్లాడు. మా చెల్లెలు ఆ పూట భోజనం ముట్టలేదు.

లోపం పట్టాలో ఉందేమోనంది కోడలు. ఎండలో కంటికి కనబడని అతినీలలోహిత కిరణాలు ఉంటాయట. ఈ పట్టా వెలుగును రానిచ్చి వాటిని ఆపేస్తుందట. ఆ కిరణాలు తగిలితేనే ఆకు తోలు మందమవుతుందట, పురుగుకు రుచించని రసాలు ఊరతాయట. ఎండదెబ్బకు మొక్క బలపడటమేమిటని అత్తగారు కొట్టిపారేసింది. సరే, చూద్దామని కోడలు కొన్ని ట్రేలు మేడ మీద ఆరుబయట పెట్టింది, కొన్ని షెడ్డులోనే ఉంచింది. నారు ఎదిగాక రెంటినీ పురుగు పట్టిన మొక్కల పక్కన పెట్టింది. పురుగు పక్షపాతం లేకుండా రెంటినీ తినేసింది. కోడలు తెల్లబోయింది. అత్తగారు గెలిచింది గానీ, ఆ గెలుపు చూసి రైతులు ఆగరు కదా. సాయంత్రానికే దిగులు పట్టుకుంది.

కోడలు మళ్లీ విత్తి ట్రేలు మేడెక్కించింది. ఒక మధ్యాహ్నం ఆఫీసులో కరెంటు పోయి త్వరగా ఇంటికొచ్చింది. నేనప్పుడు మేడ మెట్ల నీడలో కూర్చుని ఉన్నాను. పైన మా చెల్లెలు, షెడ్డుకు వేయగా మిగిలిన పట్టా ముక్కను ట్రేల మీద కప్పి, మూలల్లో ఇటుకలు పెడుతోంది.

“రోజూ కప్పుతున్నారా అత్తయ్యా? పోయినసారి కూడా ఇంతేనా?”

“అప్పుడూ ఇంతే. రోజంతా కాదుగా, ఎండ ముదిరినప్పుడే. నువ్వొచ్చేలోపు తీసేస్తాగా.”

“మరి ఎండలో పెట్టి లాభమేముంది?”

“వెలుగు పడుతూనే ఉందిగా, కనబడట్లా? పసివాటిని మిట్టమధ్యాహ్నం అలా వదిలేయడానికి నాకు మనసొప్పలేదే.”

కోడలు మెట్ల మీద కూలబడి కడుపు పట్టుకుని నవ్వింది. “పరీక్ష రాసే పిల్లకి పక్కన కూర్చుని చూచిరాత రాయించారు అత్తయ్యా మీరు.”

మా చెల్లెలు తప్పని తెలిశాక సాగదీసే రకం కాదు. ఇటుకలు తనే తీసింది. పట్టా ముక్కను చుట్టి కిందికి విసిరేసింది. తన చేతుల మీద తనకే నమ్మకం లేక, మేడ తలుపుకు తాళం వేసి చెవి కోడలికిచ్చింది. నీళ్లు పోసే పని కూడా కోడలిదే అయింది. ఈసారి షెడ్డులోని నారును పురుగు ముంచేసింది. మేడ మీది నారును అక్కడక్కడా కొరికి వదిలేసింది. మర్నాడే మా చెల్లెలు మొగుణ్ణి నిచ్చెనెక్కించి పట్టా విప్పించింది, మళ్లీ వల కట్టించింది.

కొత్త నారు పొట్టిగా, ముదురు రంగులో వచ్చింది. పెద్ద రైతు వచ్చి ఆకును వేళ్లతో తడిమి పెదవి విరిచాడు.

“ఏంటమ్మా, ఈసారి నారు ఇంత మొరటుగా ఉంది?”

“పెళ్లిచూపులకొచ్చావా, పంట వేయడానికొచ్చావా?”

అరకొర నమ్మకంతోనే తీసుకెళ్లాడు. అది మొదలు, వీధిలో ట్రాలీ చప్పుడైతే చాలు, మా చెల్లెలు చేతిలో పని వదిలేసి గుమ్మంలోకి వచ్చేది. ఆకులు ముడుచుకునే అదను దాటాక ఆయనే వచ్చాడు. అది ముందు ఆయనకు కుర్చీ వేసింది. పురుగు రాలేదా అని నేనే అడిగాను.

“రాకేం, వచ్చింది. కాపురం మాత్రం పెట్టలేదు” అన్నాడాయన. మిగతా రైతులు బయటే ఉన్నారనీ, వచ్చే పంటకు అందరికీ కలిపి ఎప్పుడు నారు పోస్తావనీ అడిగాడు.

మా చెల్లెలు లోపలికి తిరిగి కోడల్ని కేకేసింది.

“ఎప్పుడు పోద్దామే?”

ఒకరిని అడిగి నారు పోయడం దాని జీవితంలో అదే మొదటిసారి.